ముట్టని మాత్ర

8 నవంబర్ 1979, గురువారం. ఆళ్లగడ్డ

నంద్యాల నుంచి ఇప్పుడే వచ్చాం. ఆయనది గుండెనొప్పే. గ్యాస్ కాదు. నెల రోజులుగా స్కూలు మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందంటే ఇంగువ నీళ్లు తాగించిన దాన్ని నేను. మొగుడు హెడ్మాస్టరు, పెళ్లాం టీచరు. ఇద్దరి తెలివీ కలిపితే అంత.

డాక్టరు ఇ.సి.జి. తీసి, రక్తం పరీక్ష చూసి, మూడు రకాలు రాశాడు. గుండె వేగం తగ్గడానికి ఇండరాల్ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కొలెస్ట్రాల్‌కు అట్రామిడ్ క్యాప్సూల్స్. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవడానికి సార్బిట్రేట్. నెయ్యి వద్దు, గుడ్డులో పచ్చసొన వద్దు, కొవ్వు మాంసం అసలే వద్దు. ఇండరాల్ గురించి మాత్రం రెండుసార్లు చెప్పాడు. మానాలంటే మెల్లగా తగ్గించుకుంటూ రావాలట. ఒక్కసారిగా ఆపితే పరుగెత్తే బస్సులోంచి దూకినట్టేనట.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. జబ్బు అనే మాటే ఆయనకు అవమానం.

2 డిసెంబర్, ఆదివారం

చర్చిలో ఉపవాస కూటం. వేరే ఊరినుంచి ఒక పాస్టరు అయ్యగారు వచ్చి స్వస్థత ప్రార్థన చేశాడు. మా ఆయన తల మీద చెయ్యి పెట్టగానే ఈయన ఏడ్చాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఏడవడం మొదటిసారి చూశాను. తర్వాత లేచి, జేబులోంచి ఇండరాల్ సీసా తీసి కానుకల పళ్లెంలో పెట్టాడు. ఇక ఒక్క మాత్ర కూడా ముట్టనని అందరి ముందూ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే ఏమనుకుంటారు?

కూటమయ్యాక చాపలు చుడుతూ ఆ సీసా తీసి సంచిలో వేసుకున్నాను. కానుకల పళ్లెంలోంచి దొంగతనం చేసిన టీచరు ఈ తాలూకాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

3 డిసెంబర్

ఆయనకు ఎప్పటినుంచో రెండు పూటలా నేలవేము కషాయం అలవాటు. కడుపుకు మంచిదని. అమ్మ ఇచ్చిన చిన్న రాతి కల్వంలో మాత్ర మెత్తగా నూరి అందులో కలిపాను. చేదులో చేదు కలిసిపోయింది.

తాగి, నాలుక మొద్దుబారిందన్నాడు. ఆకు ముదిరిందేమోనన్నాను.

19 జనవరి 1980, శనివారం

అక్కను చూసొస్తానని చెప్పి నంద్యాల వెళ్లాను. డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కోప్పడ్డాడు. మనిషికి తెలియకుండా మందివ్వడం వైద్యం కాదని, ఆయన్ని తీసుకురమ్మని అన్నాడు. తీసుకురాగలిగితే నేను దొంగతనంగా ఎందుకు వస్తాను?

అట్రామిడ్ క్యాప్సూల్ నూరడానికి రావడం లేదు, లోపలంతా నూనెలాగా వాసన అని చెప్పాను. అది వదిలెయ్యమన్నాడు. పై దేశాల్లో వేలమందికి ఇచ్చి చూస్తే కొలెస్ట్రాల్ తగ్గింది గానీ చావులు పెరిగాయట. బస్సులో నవ్వొచ్చింది. దేవుడు వద్దన్నవాటిలో ఒకదాన్ని డాక్టరు కూడా వద్దన్నాడు. మిగిలింది ఇండరాల్. దానికి నేనే దిక్కు.

మందుల షాపు మస్తాన్ రెండు నెలలకు సరిపడా సీసాల్లో పెట్టి ఇచ్చాడు. మస్తాన్‌కు విషయం తెలుసు. డాక్టరు కాక తెలిసింది అతనొక్కడికే.

10 ఫిబ్రవరి, ఆదివారం

సిరివెళ్లలో సాక్ష్యం చెప్పాడు. ఇది నాలుగో ఊరు. "రెండు నెలలుగా ఒక్క మాత్ర ముట్టలేదు" అనే చోట గొంతు పెంచుతాడు. జనం ఊగిపోతారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు మొదటి వరసలో కూర్చుంటాను.

మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు పల్స్ చూశాను. అరవై రెండు. మాత్ర బాగా పనిచేస్తోంది.

2 మార్చి, ఆదివారం

ఓబయ్య లేచాడు.

మా వీధి చివర ఇల్లే. కుందూ కాలవ కింద రెండెకరాలు. కిందటేడు ఛాతీనొప్పి వస్తే అదే డాక్టరు, అదే ఇండరాల్. చర్చిలో మా ఆయన సాక్ష్యం అయిపోగానే లేచి, సారుకు చేసినవాడు నాకు చెయ్యడా అన్నాడు. పంచె మడతలోంచి మాత్రల పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. హన్నమ్మ మొగుడి పక్కన నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా ఆయన ఓబయ్యను కావలించుకున్నాడు.

లేచి రెండు మాటలు చెప్తే అయిపోయేది. లేవలేదు. ఆయన పరువు అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా పరువు కూడా.

3 మార్చి, సోమవారం

స్కూలు వదిలాక హన్నమ్మ ఇంటికి వెళ్లాను. ఓబయ్య చేలో ఉన్నాడు. ఆమె ఒక్కతే వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఇంతకన్నా మంచి సమయం దొరకదు. మాట గొంతుదాకా వచ్చింది. ఏం కావాలక్కా అని అడిగింది. కరేపాకు అన్నాను. లేచి వాళ్ల చెట్టునుంచి ఇంత రెబ్బ తుంచి ఇచ్చింది. తీసుకొని వచ్చేశాను.

రేపు చెప్తాను.

7 మార్చి

చెప్పలేదు. ఓబయ్య సైకిల్ మీద ఎరువు మూట వేసుకొని పోతూ నమస్తే పెట్టాడు. ఒంట్లో బాగానే ఉన్నట్టుంది. అంటే, ఏమీ కాదేమో.

11 మార్చి, మంగళవారం

ఓబయ్య పోయాడు. పొద్దున చేలో మోటారు వేసి, నీళ్లకు మడవ కడుతూ అక్కడే కూలబడ్డాడట. పక్క చేను వాళ్లు చూసేటప్పటికే అయిపోయింది.

తొమ్మిది రోజులు.

12 మార్చి

భూస్థాపన. మా ఆయనే వాక్యం చెప్పాడు. స్వస్థత అందరికీ అందుతుంది గానీ నిలబెట్టుకోవడానికి విశ్వాసం కావాలన్నాడు. ఓబయ్య పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది? పెట్టె పక్కన కూర్చున్న హన్నమ్మ తల ఇంకా వంచుకుంది. మొగుణ్ణి పోగొట్టుకుంది చాలదని, ఆ మొగుడి విశ్వాసం కూడా పోగొట్టాడు ఈయన.

ఇంటికొచ్చి కషాయం ఏదని అడిగాడు. ఇచ్చాను. ఆ చేతుల్తోనే.

13 మార్చి

పొద్దున నూరలేదు. సాయంత్రం డాక్టరు మాట గుర్తొచ్చి నూరాను. ఒక మనిషిని బస్సులోంచి దూకనిచ్చాను, ఇంకొకణ్ణి నా చేత్తో తొయ్యలేను.

29 మార్చి, శనివారం

నంద్యాల. మస్తాన్ షాపు గోడకే పోస్టరు. ఏప్రిల్ పదమూడున ఇక్కడే మహాసభ. "మందులు లేకుండా స్వస్థత పొందిన హెడ్మాస్టర్ జయరాజు గారి సాక్ష్యం." రెండు జిల్లాల నుంచి జనం వస్తారట.

మస్తాన్ సీసాలు కట్టి ఇవ్వలేదు. కౌంటరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"పగిడ్యాల నుంచి ఒకాయప్ప వచ్చినాడు టీచరమ్మా. ఆళ్లగడ్డ సారు మాత్రలు ల్యాకుండానే బాగుండాడంట, నాకు మాత్రం ఎందుకని సీసా వాపసు తెచ్చినాడు. నేను తీసుకోల్యా. ఎంతమందికని చెప్పేది నేను? నా బేరం కోసం చెప్తాండాననుకుంటారు. నువ్వన్నా చెప్పమ్మా."

ఓబయ్య సంగతి చెప్పాను. మస్తాన్ కౌంటరు మీదినుంచి చెయ్యి తీశాడు. తర్వాత సీసాలు ఇచ్చాడు.

5 ఏప్రిల్

రోజులు లెక్కపెడుతున్నాను. ఆయన సాక్ష్యం కాగితం మీద రాసుకొని అద్దం ముందు చదువుకుంటున్నాడు.

13 ఏప్రిల్, ఆదివారం. పొద్దున ఆరు

పళ్లెంలో మాత్ర పెట్టాను. పక్కన గ్లాసుతో నీళ్లు. కషాయం కాచాను గానీ ఇవ్వలేదు.

ఆయన పళ్లెం వంక చూశాడు. ఇదేందని అడుగుతాడనుకున్నాను. నాలుగు నెలలుగా ఇందుకోసమే జవాబులు కూడబెట్టుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"ఈ పొద్దు నూరల్యా?"

ఎప్పటినుంచి తెలుసని అడిగాను. మొదటి రోజేనట. డాక్టరు రాసిన కొత్తలో ఒక మాత్ర పొరపాటున నమిలితే నాలుక మొద్దుబారిందట. కషాయం తాగినప్పుడు అదే మొద్దు.

మరి సాక్ష్యమో అన్నాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూ నిదానంగా చెప్పాడు, పిల్లలకు లెక్క చెప్పినట్టు.

"నేను ముట్టల్యా. ముట్టల్యాననే చెప్తాండా. అబద్ధం యాడుంది దాంట్లో? దేవుడు నీ చేతుల్తో ఇప్పిస్తాండాడనుకున్యా."

ఓబయ్యో అన్నాను. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అప్పుడన్నాడు:

"ఓబయ్యకు నీ మాదిరి పెండ్లాం ల్యాకపాయ."

హన్నమ్మ మీదికి తోసేశాడు. ఎంత సులభంగా. నాకు ఒక్కసారిగా ఆయన మీద జాలి అంతా పోయింది. ఇరవై రెండేళ్ల జాలి.

ఆయన పళ్లెం ముందునుంచి కదల్లేదు. మాత్ర తీసుకోలేదు. బస్సు ఏడింటికి. చివరికి నేనే కల్వం తీశాను. నూరాను. తాగి, మూతి తుడుచుకొని బయల్దేరాడు. నేనూ బయల్దేరుతున్నాను.

14 ఏప్రిల్, సోమవారం

నిన్నటిది వరసగా రాస్తాను, మర్చిపోకముందే.

పందిరి నిండా జనం. ఆయన చెప్పాడు. గొంతు పెంచాల్సిన చోట పెంచాడు. ఇంకెవరైనా సాక్ష్యం చెప్తారా అని పెద్దలు అడిగారు. నేను లేచి వెళ్లాను. హెడ్మాస్టరు భార్య అని సంతోషంగా మైకు చేతికిచ్చారు.

నా భర్త మాత్ర ముట్టలేదు, నిజమే అన్నాను. నేనే రోజుకు రెండు నూరి కషాయంలో పోస్తున్నాను, ఈ రోజు పొద్దున కూడా పోశాను అన్నాను. ఓబయ్య విశ్వాసం లేక చావలేదు, మాత్ర లేక చచ్చాడు అన్నాను. ఎవరూ మాత్రలు మానొద్దు అనే మాట సగంలో ఉండగా వెనకనుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు. మైకు ఆగిపోయింది. గొంతుతోనే ఇంకోసారి చెప్పాను. ముందు వరసల వాళ్లకు వినబడింది. ఆయన వేదిక మీద బైబిల్లోకి చూస్తూ కూర్చున్నాడు.

బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు దగ్గర హన్నమ్మ నిలబడి ఉంది. సభకు వచ్చిందని నాకు తెలియదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ సోమారం కరేపాకని వచ్చినావే అక్కా. చెప్పేకే వచ్చింటివా?"

ఔనన్నాను.

ఆమె తల ఊపింది. సంచి తీసుకొని వెళ్లి, తర్వాతి బస్సు కోసం బెంచీ మీద కూర్చుంది.

2 మే

మస్తాన్ కార్డు రాశాడు. పగిడ్యాల మనిషి మళ్లీ మాత్రలు కొనుక్కుపోయాడట.

ఒక్కడు. సరే.

23 జూన్ 1980, సోమవారం

సాక్ష్యాలు లేవు. మా ఇద్దరి మధ్య మాటలూ లేవు. కల్వం ఆయన గదిలోకి పోయింది. మాత్ర ఊరికే మింగొచ్చు, మింగడు. తలుపు వేసుకొని తానే నూరుకొని, నేను కాచి పెట్టిన కషాయంలో కలుపుకుంటాడు.

ఈ పొద్దున కూడా మా గడప మీద కరేపాకు రెబ్బ ఉంది. పచ్చిది, అప్పుడే తుంచింది. ఇది పదో సోమవారం. పారెయ్యడానికి చేతులు రావు. కూరలో ఎట్లా వేసేది?