అమ్మమ్మ బతికే ఉన్నందున మార్కుల విషయమై మనవి

వైద్య కళాశాల ప్రవేశ సంఘాధ్యక్షులవారి సముఖమునకు,
ఉత్తర మిషిగన్, టామరాక్ హార్బర్ వాస్తవ్యురాలు కైసా నీమి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కాలేజీ రెండవ సంవత్సరమున నాకు వచ్చిన మార్కులకు అసలు కారణము తెలుపుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేయునది ఏమనగా:

1. నా మొదటి సంవత్సరం మార్కులు చూసి తమరు సంతోషించి ఉంటారు. రెండవ సంవత్సరం చలికాలానికి వచ్చేసరికి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి ఉంటారు. ఫిజిక్సులో సి, ఆర్గానిక్ కెమిస్ట్రీలో డి. అవి అచ్చుతప్పులు కావు. కెమిస్ట్రీ ఆఖరి పరీక్షకు నేను గైర్హాజరైనట్లు నమోదై ఉన్నది. అది పూర్తిగా నిజం కాదు. పరీక్ష జరిగినంతసేపూ నేను ఆ భవనం ముందే, కారులో, హీటరు వేసుకుని కూర్చుని ఉన్నాను. తలుపు తీసుకుని దిగడం నా వల్ల కాలేదు. పార్కింగు స్థలంలో హాజరైన వారికి మార్కులు వేసే పద్ధతి లేదని తరువాత తెలిసింది.

నా గదిలో ఉండే అమ్మాయి ఇదేదో ప్రేమ వ్యవహారమనుకుని ఐస్‌క్రీము తెచ్చిపెట్టింది. ప్రేమయినా బాగుండేది. డాక్టరుగారు దీనికి డిప్రెషన్ అని పేరు పెట్టారు. తెల్లవారితే ఎందుకు తెల్లవారిందా అనిపించేది. బతకాలని ఉండేది కాదు. ఈ మాటను ఆఫీసు భాషలో ఎలా వ్రాయవలెనో తెలియక ఇలాగే వ్రాశాను, క్షమించగలరు.

2. వైద్య విద్యకు వెళ్లదలచిన వారికి దారి చూపుటకై మా కాలేజీలో ప్రూయిట్ గారని ఒక సలహాదారు ఉన్నారు. మంచివారు. తలుపు వేసి, గొంతు తగ్గించి, ఆ జబ్బు పేరు మాత్రం దరఖాస్తులో ఎక్కడా రాయవద్దని చెప్పారు. సంఘంలో ఉండేదంతా డాక్టర్లేనట, రోగాన్ని చూస్తే భయపడిపోతారట. దానికి బదులు అమ్మమ్మ పోయిందని వ్రాయడం ఆనవాయితీ అన్నారు. అమ్మమ్మ అయితే ఎవరూ ప్రశ్న వేయరట. మా కాలేజీ నుంచి తమకు ఏటా వచ్చే దరఖాస్తుల్లో ఎంతమంది అమ్మమ్మలు పరీక్షల ముందే కన్నుమూస్తున్నారో తమకు తెలియనిది కాదు. పాపం ఆ వయసు ఆడవాళ్ల మీద ఏదో అంటురోగం పడినట్లుంది.

3. ఇక్కడొక చిక్కు వచ్చిపడింది. మా అమ్మమ్మ హిల్మా బతికే ఉంది. సంగతి చెబితే కాఫీలో యాలకుల రొట్టె ముంచుకుంటూ ఆవిడ ఇలా అన్నది.

“దానికేముందే, పోయానని రాసి పారెయ్. ఎలాగూ పోయేదాన్నే కదా, కాస్త ముందు రాస్తే నాకేం నష్టం? వాళ్లెవరైనా ఫోను చేస్తే నేను ఎత్తనులే.”

వ్రాశాను. కాగితం మీద మా అమ్మమ్మకు గుండెపోటు తెప్పించాను. ఆవిడ చదివి, మా ఇంటా వంటా గుండె జబ్బు లేదని, న్యుమోనియా అని దిద్దించింది. అంత్యక్రియల దగ్గర నేను ఏడ్చిన భాగం మాత్రం బాగా కుదిరిందని మళ్లీ చదివించుకుని వింది.

అయినా పంపలేకపోయాను. ఎందుకనగా, ఆ చలికాలంలో కాలేజీకి వచ్చి నన్ను కారెక్కించుకుని ఇంటికి తెచ్చినది ఈవిడే. ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. శనివారం శనివారం పెరట్లో ఆవిరి గది పొయ్యి రాజేసి, నన్ను చెయ్యి పట్టుకుని నడిపించి, బల్ల మీద కూర్చోబెట్టి, చంటిపిల్లకు పోసినట్లు తలకు పోసేది. జుట్టు చిక్కు తీస్తూ పొరుగువాళ్ల మీద చాడీలు చెప్పేది. వసంతం వచ్చేసరికి ఒకరోజు ఆ చాడీలకు నవ్వాను. నన్ను బతికించిన మనిషిని చంపి తమ వద్ద సీటు అడగడానికి నాకు మనసొప్పలేదు.

4. జబ్బు పూర్తిగా నయమైనదా అని తమరు అడగవచ్చును. ఉదయం కాఫీతో ఒక మాత్ర వేసుకుంటున్నాను. తరువాతి మార్కులు తమ ముందే ఉన్నవి. మళ్లీ రాదని హామీ పత్రం ఇవ్వలేను. వస్తే ఎవరికి చెప్పాలో మాత్రం ఇప్పుడు తెలుసును. డాక్టరు కావడమే నా కోరిక, వేరే కోరిక లేదు. కావున నన్ను ఇంటర్వ్యూకు పిలిపించి, ఆ డి గురించి మొహమాటం లేకుండా నన్నే అడగవలసినదిగా ప్రార్థన. అడగకుండా పక్కన పెట్టేస్తే మాత్రం నాకు చాలా బాధ కలుగుతుంది.

తమరు పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కైసా నీమి

తా.క. అయ్యా, ఇది హిల్మాని రాస్తున్నా. పిల్ల కాఫీ కలపడానికి లేచింది. నేను బతికున్నానని రాసింది కదా, ఆ మాట నిజమే. ఇంకో మాట దానికీ తెలీదు. మా ఆయనకీ ఇదే జబ్బు. అప్పట్లో మేం ఆ పేరెత్తలేదు, గనిలో వెన్ను దెబ్బతిందని ఊరందరికీ చెప్పుకున్నాం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అక్కడా వెన్నే అన్నాను. ఆ డాక్టరు పాపం శ్రద్ధగా వెన్ను చూశాడు, పూసుకోడానికి మందిచ్చి పంపాడు. మంచు కరగకముందే మా ఆయన పోయాడు. ఆ డాక్టరు బాగా చదువుకున్నవాడే, అన్నీ మంచి మార్కులేనట. కానీ ఆ కుర్చీలో ఈ పిల్ల ఉండుంటే, వెన్ను సంగతి సరే గానీ పొద్దున్నే లేవబుద్ధేస్తోందా నీకు, అని అడిగుండేది.