అత్త ఎంగిలి

ఫిబ్రవరి 12, సోమవారం

చర్చి అయ్యగారు వచ్చి వెళ్లారు. గుడ్ ఫ్రైడేకు నాలుగు చర్చిలకు ద్రాక్షరసం కావాలట. ఆరాధనలో అందరూ పుచ్చుకునే ప్రభువు బల్లకు మా అత్త వరదమ్మ చేసే రసమే ఇరవై ఏళ్లుగా వెళుతోంది. ఆత్మకూరు మార్కెట్లో సాయంత్రం చవగ్గా ఇచ్చే, గుత్తి ఊడిన నల్ల ద్రాక్షే. అయినా షాపు వైన్ దీనికి సరిరాదంటారు. సీసాల్లో కొన్ని పులిసి వెనిగర్ అయిపోతాయి, రుచి చూడకుండా ఇవ్వకూడదు. క్రిస్మస్‌కు వచ్చిన జ్వరంలో అత్తకు నోటి రుచి పోయింది. ఉప్పు, తీపి ఏదీ తెలీదు. ఇంక నువ్వే చూడాలమ్మే సుజనా అంది. పైట కొంగు వేలికి చుట్టుకుంటూ తల ఊపాను. కాదనడం నాకు చేతకాదు.

ఫిబ్రవరి 13

పాతరలోకి దిగాం. పూర్వం జొన్నలు పోసిన రాతి పాతర, ఇప్పుడు నిండా సీసాలు. బయట ఎండ మండుతున్నా లోపల చలి. అలవాటు కొద్దీ అత్త ముందు తను ఒక స్పూను తాగింది. ఏమీ తెలియక తల అడ్డంగా ఊపి, అదే స్పూనులో పోసి నాకిచ్చింది. మా అమ్మ అయితే పెదవి తగిలిన గరిటెను కూడా కడిగేస్తుంది. నేను స్పూను వైపే చూస్తున్నాను. ఏంది అట్ట చూస్తా ఉండావు, ప్రభువు గిన్నెలో అందరం తాగతాం, దాంట్లో ఎంగిలేందే అని నవ్వింది. కళ్లు మూసుకుని తాగాను. పులుపు, వెనక లవంగం. బాగుంది అన్నాను.

ఫిబ్రవరి 17

ఆరు సీసాలు. ఒకటి వెనిగర్.

ఫిబ్రవరి 21, మధ్యాహ్నం

అడుగు వరుసలోని పాత సీసా ఒకటి రుచి చూడగానే, ఇది సిద్ధయ్య తోటది, వానకు తడిసినాక కోసినారు అన్నాను. సిద్ధయ్య ఎవరో నాకు తెలీదు. అత్త సీసాను మంచి వరుసలో పెట్టింది. మా ఆయన జోసెఫ్ ఉదయగిరి ట్రిప్పు వేసి ఆటో నిలిపాక అడిగాను. అనంతసాగరం దగ్గర ఆ తోట ఉండేదట. మా పెళ్లికి ముందే కొట్టేశారట. నీకెవురు చెప్పినారు అన్నాడు.

ఫిబ్రవరి 27

పులుసులో ఉప్పు రెండుసార్లు వేశానట. ఆయన ఒక ముద్ద తిని, ఏంది మే, మైపాడు సముద్రం తెచ్చి పోసినావా అన్నాడు. నాకేమీ తెలియలేదు. అత్త మాత్రం, ఉప్పే కాదురా, చింతపండు కూడా పాతది అంది.

గిన్నెలు తోముతుంటే తట్టింది. అత్తకెలా తెలిసింది?

మార్చి 3, ఆదివారం

వింజమూరు నుంచి అమ్మ బస్సులో చేపల పులుసు పంపింది. నోట్లో పెట్టుకుంటే తడిగుడ్డ. మామిడికాయ ముక్క నమిలాను. అదీ తడిగుడ్డే. అత్త వేళ్లు నాకుతూ తింది. మీ యమ్మ మెంతులు రోంత ఎక్కువేస్తాది అంది. నిజమే, వేస్తుంది. పుట్టినప్పటి నుంచి తిన్న పులుసు. ఆ రుచి ఎలా ఉండేదో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. దొడ్లోకి వెళ్లి ఏడ్చాను.

మార్చి 9

ఈ రోజు నా స్పూను నేను తీసుకెళ్లాను. అత్త కోప్పడలేదు, నీ ఇష్టం మే అంది. తాగితే ఒట్టి నీళ్లు. రెండో సీసా, నీళ్లు. మూడోదీ అంతే. నాలుక కొరుక్కున్నాను, రక్తం కూడా తెలియలేదు. అత్త తన స్పూను చప్పరిస్తూ కళ్లు మూసుకుని నిలబడింది. ఇవ్వు అన్నాను. ఇవ్వలేదు. చెయ్యి పట్టుకుని లాక్కున్నాను. నోటి నిండా రుచి.

నేనేనా లాక్కున్నది?

మార్చి 10

ఆయనకు చెప్పాలి.

మార్చి 19

చెబుదామని ఆయన పక్కన కూర్చున్నాను. నాయనా అని మొదలుపెట్టాను, తల్లి కొడుకును పిలిచినట్టు. ఆయన పగలబడి నవ్వాడు. చిక్కిపోయినావు నాయనా, అన్నం పెట్టేదా అన్నాను. నేను అనాలనుకున్నది అది కాదు. ఆయన నవ్వడం ఆపేశాడు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. వచ్చి నన్ను తీసుకుపో అన్నాను. ఈస్టర్ పండక్కి ముందే వస్తానంది. అమ్మ పక్కన ఉంటే నేను నేనుగానే ఉంటాను.

మార్చి 23

అయ్యగారు సీసాలకు వచ్చారు. వరదమ్మ చేతిలో మహిమ ఉండాది అని పొగిడారు. అత్త సిగ్గుపడి తలుపు చాటుకు వెళ్లి, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నేనే గట్టిగా మాట్లాడి పంపించాను.

మార్చి 29, గుడ్ ఫ్రైడే

అమ్మ వచ్చింది. రా వదినా, ఎండన పడి వచ్చినావే అన్నాను. నా వెనక నుంచి అత్త అమ్మా అంటూ పరుగెత్తింది. ఎవరి వైపు చూడాలో తెలియక అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.