రెండో మొసలి

కాకినాడ,
మంగళవారం సాయంత్రం

నాన్నగారూ, నేనిక్కడ బాగానే ఉన్నాను, కంగారు పడకండి.

మొసలి సినిమా రెండో భాగం ఎలా ఉందని అడిగారుగా, ఇందాకే చూశాను. మొదటిదాని కాలిగోటికి సరిపోదు. అప్పుడు అమలాపురం హాల్లో ఇంటర్వెల్ దాకా నీళ్లు కదలడమే గానీ మొసలి కనబడలేదు, అయినా మీరు కాళ్లు రెండూ కుర్చీ మీదకి లాక్కున్నారు. ఇందులో పేర్లు పడుతుండగానే మూడు మొసళ్లు దిగిపోయాయి. హాలంతా నవ్వులే.

బయటికొస్తే గాలి ఈడ్చి కొడుతోంది. హార్బర్లో పడవలన్నీ కట్టేస్తున్నారు. రేడియోలో తుపాను మన కోనసీమ వైపే అంటున్నారు. మన ఊరి పోస్టాఫీసు ఫోను మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడంలేదు. ఈ తుపానూ ఆ రెండో సినిమాలాగే తుస్సుమంటుందేమో, నాకు మాత్రం కాలు నిలవడంలేదు. తొంభై ఆరు తుపాను కూడా మీద పడేదాకా కనబడలేదు కదా! "చూద్దాంలే" అని వాకిట్లో కూర్చోకండి. అమ్మని తీసుకుని చర్చి డాబాకి వెళ్లిపోండి. గేదె కట్టు విప్పేయండి. నా పుస్తకాల పెట్టె తడిస్తే తడిసింది.

ప్రభువు మీ ఇద్దరినీ తన రెక్కల కింద దాచాలి. ఈ కార్డు అందేసరికి గాలి వెళ్లిపోయే ఉంటుంది, తెలుసు. అందిందని ఒక్క ముక్క రాయండి. అమ్మ చేత రాయించకండి, మీ చేత్తోనే రాయండి.

మీ దీవెన