బుడుబుంగల ఫోటో

బాపూ,

మన చెరువుల బుడుబుంగ పిట్టల జంట మళ్ల పిల్లలను సాకుతున్నది. తల్లి వీపు మీద మోస్తుంటే, తండ్రి మునిగి చేపపిల్లలు తెచ్చి పెడుతున్నడు. జనగామ బస్సు వదిలేసి ఫోటో తీసిన.

పోయినేడు నీళ్లు తగ్గితే గుడ్లున్న గూడు బురదల కూలవడ్తదని నువ్వు తూము రెండు రోజులు ఆగి తీసినవ్. "పిట్టల కోసం మా పొలాలు ఎండవెడ్తవారా?" అని రాజయ్య పటేల్ పదిమందిల నిన్ను చెరువు నీళ్లు వదిలే నీరటి పనిలకెల్లి తీసేసిండు. ఆ తర్వాత నువ్వు కట్ట ఎక్కలే. చలికాలం దాటలే.

ఇయ్యాల కట్ట మీద నన్ను చూసి ఆయనే ఆగిండు. "మన ఊరి పిట్టలు మస్తున్నయ్ బిడ్డా, జర ఫోటో పంపు."

కింద నీ పేరు రాసి పంపిన.

సాయంత్రం ఆయన స్టేటస్‌ల చూసిన. పిట్టలున్నయ్, పిల్లలున్నయ్. నీ పేరున్నంత మేర కత్తిరించిండు.