వంచిన బ్రేకు రాడ్డు

మార్చి 6, 1944. సోమవారం.

నాయుడి గొడ్లకొట్టంలో పడి ఉంది కారు. ముందు భాగమంతా నుజ్జు. ఎద్దులను అవతల కట్టి దానికి చోటిచ్చారు. శనివారం పూతలపట్టు దిగుడులో ఆగలేదు... కల్వర్టును గుద్దుకుంది. తిరుపతికి పోతున్న ముసలామె ఒకతె చనిపోయింది. తోలిన కుప్పయ్య, నా చెల్లెలి మొగుడు, సబ్‌జైల్లో ఉన్నాడు. అజాగ్రత్త అని కేసు.

"సూసేదానికేముండాది మేస్త్రీ? నిద్రపోయినాడు, గుద్దినాడు" అంటాడు నాయుడు, తాంబూలం నములుతూ. కారు వాడిది. బాడుగ వాడిది. తప్పు మాత్రం కుప్పయ్యది.

చెల్లెలు రాజమ్మ మాట వేరు. "తొక్కినాడంట అన్నా. రెండు కాళ్ళూ పెట్టి తొక్కినాడంట. పట్టలేదంట."

రేపు దాని కింద దూరతాను. నాయుడు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే.

మార్చి 7.

పొద్దున్నుంచీ కారు కిందే. మోటారు ఇనస్పెక్టరు నిలబడే చూసి రాసిపోయాడట. ప్యాంటుకు మట్టి అంటకూడదు కదా.

ఇరవై ఏళ్ళ కిందట నాయుడి తండ్రి దీన్ని మద్రాసు నుంచి తెచ్చినప్పుడు చిత్తూరులో మొదటి గ్రీజు పెట్టింది నేనే. నలుగురు కూర్చునే కారు. గుడ్డ టాపు, ఇత్తడి దీపాలు. ఇప్పుడేం మిగిలింది? టాపు పోయింది — దాని చోట తగరపు రేకు. వెనక సీటు రంపంతో కోసేసి, ఎదురెదురుగా బల్లలు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువయ్యాక వెనక వేలాడదీసిన బొగ్గు గ్యాసు డ్రమ్ము. ఒక్కో మార్పునూ తడిమి చూస్తున్నాను, ఎందుకు చేశారా అని. ఎక్కడ చెయ్యి పెట్టినా నాయుడి కక్కుర్తే తగులుతోంది.

మధ్యాహ్నానికి దొరికింది. బ్రేకు రాడ్డు. పెడలు నుంచి వెనక చక్రాల దాకా సూటిగా ఉండాలి. డ్రమ్ము అడ్డం వస్తోందని కొడవలిలా వంచారు. వంగిన రాడ్డును లాగితే ముందు అది సాగుతుంది. అది సాగేలోపు పెడలు నేలకు తగులుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది.

కుప్పయ్య నిద్రపోలేదు.

మార్చి 8.

నాయుడిని అడిగాను, ఎవరు వంచారని. "తిరపతిలో గ్యాసు బిగించినోడుండాడు, మునిరత్నం. వాణ్ణి అడుగుపో" అన్నాడు. కసురుకుంటాడనుకున్నాను. నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మార్చి 9. తిరుపతి.

మునిరత్నం బుకాయించలేదు. అదే నా ఖర్మ.

"వంచింది నేనే అప్పా. డ్రమ్ము పెట్టాలంటే వేరే దోవ లేదు. అయిదుగురి బరువైతే ఆ బ్రేకు ఆపతాది. అంతకు మించి ఎక్కించొద్దని నాయుడికి సెప్పినా."

"శనివారం పదకొండు మంది" అన్నాను.

"పదకొండా! ఆ స్ప్రింగు కమాన్లు మోయవే! ఆరో మనిషి ఎక్కితే డ్రమ్ము నేలకు రాసుకోవాల, బండి కదలకూడదు. దాన్ని నమ్ముకోనే వదిలినా నేను. ఎవుడో కమాన్లకు జేస్తి పట్టీలు వేసుండాల. ఎవుడప్పా వాడు?"

మంచినీళ్ళిచ్చాడు. తాగకుండానే చెంబు కింద పెట్టాను.

నేనే వాణ్ణి. పోయిన దసరాకు నాయుడు కారు తెచ్చి, "ఎనక కుంగతా ఉండాది, ఎత్తు మేస్త్రీ" అంటే పక్కకు రెండు చొప్పున పట్టీలు వేసింది నేనే. ఎందుకు కుంగుతోందని అడగలేదు. వెల్లకిలా పడుకొని నట్లు బిగిస్తుంటే ఆ వంగిన రాడ్డు జానెడు దూరంలో ఉంది. చూశాను. నేను ఒప్పుకున్న పని అది కాదు కదా అనుకున్నాను.

మొన్న కూడా ఆ పట్టీలు కనబడ్డాయి. ఇక్కడ రాయలేదు. ఎందుకు రాయలేదు?

మార్చి 10.

నా రిపేరు షెడ్డు తెరవలేదు. అందరి మీదా మంట. మునిరత్నం మీద కూడా — అంత సూటిగా చెప్పకపోతేనేం?

మార్చి 11.

కుప్పయ్య ప్లీడరుకు ఇవ్వడానికి కాగితం రాస్తున్నాను. టాపు, బల్లలు, డ్రమ్ము, రాడ్డు, పట్టీలు. ఎవరెవరు చేశారో అన్నీ.

నాయుడు షెడ్డు దగ్గరికే వచ్చాడు. "రాయి మేస్త్రీ, బాగా రాయి. కమాన్లు ఎత్తింది ఎవురో గూడా రాయి. కుప్పడి పక్కన నీకూ సాప పరస్తారు." గడప మీద ఎర్రగా ఉమ్మేసి పోయాడు. నా చేతిలో పెద్ద స్పానరు. గట్టిగా పట్టుకున్నాను. అంతే చేశాను.

సాయంత్రం ప్లీడరు చదివి, "పట్టీల మాట కొట్టేయండి. సాక్షే ముద్దాయి అయితే ఇంక ఎవరు నమ్ముతారు?" అన్నారు. చనిపోయినామె పేరు రాయాలి, ఏమిటని అడిగాను. అది అవసరం లేదన్నారు.

మార్చి 12. ఆదివారం.

రాజమ్మకు చెప్పాను.

"నువ్వు సూసినావా అన్నా ఆ రాడ్డును? దసరాకే?"

"సూసినా."

పొయ్యిలో కట్టెను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"ఏమీ కొట్టేయొద్దు. ఉండేది ఉన్నట్టే ఇయ్యి. మా ఆయన బయటికొస్తే సాలు నాకు. నువ్వు లోపలికి పోతే పో."

నా వీపెక్కి ఊరంతా తిరిగిన పిల్ల. తిట్టినా బాగుండేది.

మార్చి 13.

నాయుడు కారును పాత ఇనుముకు అమ్మేస్తున్నాడని తెలిసింది. ప్లీడరు చీటీ పట్టుకొని పరిగెత్తాను, కోర్టులో చూపడానికి రాడ్డయినా ఉండాలని. విప్పుతుంటే నాయుడు తల మీదే నిలబడ్డాడు.

"పట్టీలు గూడా ఎత్తకపో. నీ పనితనమే గదా."

వాటి కోసం రాలేదు నేను. రాడ్డు చేతికొచ్చేసింది, లేచి పోవచ్చు. మళ్ళీ కింద దూరాను. నాలుగు పట్టీలూ ఊడదీసేసరికి మధ్యాహ్నం దాటింది. నాయుడు అప్పటికి నవ్వడం మానేశాడు.

అన్నీ మోసుకొచ్చి రాజమ్మ వాకిట్లో పెట్టాను. రాడ్డును తీసుకొని కొంగుతో తుడిచింది. పట్టీలను తాకలేదు. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు.

కాగితం జేబులోనే ఉంది. పట్టీల మాట కొట్టేయలేదు. సంతకమూ పెట్టలేదు...