రెండు వందల పదిహేడో చీటీ

మదీనాగూడ,
2010 మార్చి 14, ఆదివారం.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు షారోన్ వందనాలు. ప్రభువు దయ వల్ల ఇక్కడ మా ముగ్గురికీ ఒంట్లో బాగానే ఉంది. నంద్యాలలో నువ్వూ, తమ్ముడు జోయెల్, వాడి పిల్లలూ అలాగే ఉన్నారనుకుంటాను. ఒంట్లో తప్ప ఇక్కడ ఇంకెక్కడా బాగుందని రాయలేను, రాసినా నువ్వు నమ్మవు. ఫోన్లో నీకు సగం మాటలు వినబడకపోవడం ఈసారి నాకే మేలు చేసింది. ఈ సంగతి నోటితో చెప్పాల్సి వస్తే చెప్పేదాన్ని కాదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నీ మనవరాలు మెర్సీకి ఆటలమ్మ తగ్గింది, నుదుటి మీద ఒక్క మచ్చ మిగిలింది. బందుల వల్ల పోయిన నెలంతా బడి సరిగ్గా నడవలేదు. అందుకే అది ఉద్యమానికి గట్టి మద్దతుదారు. కిరణ్ పాల్ రోజూ హైటెక్ సిటీకి వెళ్లివస్తూనే ఉన్నాడు. కంపెనీ బస్సు కిటికీలకు ఇనుప జాలీలు బిగించారు. నీ అల్లుడు అందులో కూర్చుని చెయ్యి ఊపితే కోళ్లబండి గుర్తొచ్చి నవ్వొస్తుంది, తర్వాత భయమేస్తుంది.

"రాష్ట్రం విడిపోతుందా లేదా, ఒక్క ముక్కలో చెప్పు" అని రాశావు. చర్చి అయ్యాక ఇక్కడివాళ్లూ నన్ను చుట్టుముట్టి ఇదే అడుగుతారు, రాజనీతి శాస్త్రంలో పరిశోధన అంటే సోది చెప్పడమని వాళ్ల నమ్మకం. నాకు తెలిసింది ఇంతే. కొత్త రాష్ట్రానికి పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. మన అసెంబ్లీని అభిప్రాయం అడుగుతారు, ఆ అభిప్రాయానికి కట్టుబడాలని ఎక్కడా లేదు. డిసెంబరులో ఇస్తామన్నారు, రెండు వారాలకే ఆగమన్నారు, ఇప్పుడు కమిటీ వేశారు. ఎమ్మెల్యేలు రాజీనామాలు చేశారు. ఉప ఎన్నికలు వస్తాయి, వాళ్లే గెలుస్తారు, మనం ఉన్నచోటే ఉంటాం. ఈలోగా కాలేజీ పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారు. సభలో ఏ ఓటు ఎలా లెక్కించాలో నేను రెండు వందల పేజీలు రాశాను. ఆ పిల్లలకు చూపించదగ్గ పేజీ అందులో ఒక్కటి లేదు.

ఇక నీ చివరి ప్రశ్న. "ఆ చీటీలు భద్రంగా ఉన్నాయా? పనైపోతే కాల్చెయ్యి" అని రాశావు. నేను భయపడింది దానికే.

ఆ సర్వే గురించి సంక్రాంతి ముందు నీకు గొప్పగా రాశాను. మూసాపేట నుంచి మదీనాగూడ దాకా నాలుగు వందల మందిని, రాష్ట్రం విడిపోవాలా, కలిసి ఉండాలా, అది ఎవరు ఏ ఓటుతో తేల్చాలి అని అడగడం. మొదటి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పమంటే ఎవరూ నిజం చెప్పరని చీటీ పెట్టాను. చదువు రానివాళ్ల కోసం దాని మీద బొమ్మలు వేశాను. కలిసి ఉండాలంటే నిండు రొట్టె, విడిపోవాలంటే రెండు ముక్కలైన రొట్టె. టిక్కు పెట్టి, మడిచి, గాటు పెట్టిన రస్కుల డబ్బాలో వెయ్యాలి. వాళ్లు వేసేటప్పుడు నేను అటు తిరిగి నిలబడేదాన్ని, నువ్వు నేర్పినట్టే.

నీకు రాయనిది ఒకటుంది. ప్రతి చీటీ వెనక పెన్సిలుతో సన్నగా ఒక అంకె వేశాను. ఆ మనిషి పేరు, వయసు, ఊరు, పని రాసుకున్న కాగితం మీద కూడా అదే అంకె. రెండూ జతపడితేనే ఎలాంటివాళ్లు ఎటు ఓటేస్తున్నారో తెలుస్తుంది. మా పనిలో ఇది తప్పు కాదు, పేర్లు చూడకుండా యంత్రం చేత జతచేయిస్తే. నేను చేత్తో జతచేశాను. పేర్లు చూశాను.

నిజాంపేటలో ఒక ఆడపిల్లల హాస్టలుంది. నడిపేది ప్రొద్దుటూరు పార్వతమ్మ, వండేది కొమురమ్మ. కొమురమ్మది సిద్దిపేట దగ్గర పల్లె, కొడుకు పుల్లయ్యతో మూసాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. పుల్లయ్య ఆటో నడుపుతాడు, మూసాపేట చౌరస్తాలో రిలే దీక్షల శిబిరం నడిపేవాళ్లలో ముందుంటాడు. చీటీ చేతికిచ్చినప్పుడు కొమురమ్మ నన్ను రెండుసార్లు అడిగింది. "బిడ్డా, గిది ఎవ్వలకు తెల్వది గదా?" తెలియదన్నాను. "మా పుల్లిగానికి?" అంది. "నాక్కూడా తెలియదు" అన్నాను. ఎవరు తేల్చాలి అన్న ప్రశ్నకు ఆమె నవ్వింది. "తేల్చేటోళ్లు మమ్ముల అడుగుతరా? నువ్వొక్కదానివే అడిగినవ్."

ఆమెది రెండు వందల పదిహేడు. విప్పి చూస్తే నిండు రొట్టె మీద టిక్కుంది. రాయలసీమ, కోస్తా పిల్లలతో నిండిన హాస్టలే ఆమెకు తిండి పెడుతోంది మరి. అమ్మా, నేను సంతోషించాను. ఊరిని బట్టి కాదు, పొయ్యిని బట్టి ఓటేస్తారన్నది నా వాదన. దానికి ఇంత మంచి సాక్ష్యం దొరికిందని ఆ మధ్యాహ్నం టీ పెట్టుకుని తాగాను.

ఫిబ్రవరిలో దీక్షల గురించి రాసుకుందామని శిబిరానికి వెళ్లాను. నా యాస విని పుల్లయ్య అందరి ముందూ అందుకున్నాడు. "మేడం, మీది కర్నూలా? ఇగ మీ సర్వేల ఏముంటదో మాకెర్కే. మా దిక్కు మనిషి ఒక్కడన్న కలిసుందామంటడా? దొంగ లెక్కలు!" పదిమంది నవ్వారు. నా చదువునన్నా పడేదాన్ని, నా పుట్టిల్లునన్నా పడేదాన్ని. నా లెక్కను దొంగ లెక్క అనేసరికి ఒళ్లు మండింది.

"ఊరంతా ఎందుకు, ఇంటికి పోయి మీ అమ్మనే అడుగు" అన్నాను.

అంతే అన్నాను. అతను వెంటనే నవ్వడం మానేశాడు. పక్కవాళ్లు ఇంకాసేపు నవ్వుతూనే ఉన్నారు, ఈసారి అతన్ని చూసి.

శిబిరం ముందుండి నడిపేవాడి తల్లే అటు వేసిందని రెండు రోజుల్లో బస్తీ అంతా పాకింది. పుల్లయ్య ఆమె బట్టల మూట గడప అవతల పెట్టాడు. ఆమె హాస్టల్ వంటింట్లో పడుకోవడం మొదలుపెట్టింది. పది రోజులు తిరక్కుండానే హాస్టలూ మూతపడింది. బందులకు భయపడి పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు, పార్వతమ్మ తాళం వేసి ప్రొద్దుటూరు బస్సెక్కింది. ఏ పొయ్యి కోసం కొమురమ్మ కొడుక్కి చాటుగా ఓటేసిందో ఆ పొయ్యి ఆరిపోయింది.

మా ఇంటికి వచ్చి ఉండమని మూడుసార్లు వెళ్లి అడిగాను. రాలేదు. మూడోసారి ఆమే ఒకటి అడిగింది. "బిడ్డా, గసోంటి చీటీ ఇంకోటి ఉన్నదా? రెండు ముక్కల రొట్టె మీద గీకుత. మీ అమ్మ వాపస్ తీస్కున్నదని వాడికి జర చూపియ్యవా?"

పోలింగ్‌లో వేసిన ఓటు వెనక్కి తీసుకునే పద్ధతి ఏ దేశంలో ఎలా ఉందో నాకు తెలుసు. ఒక్క పద్ధతీ గుర్తు రాలేదు. చీటీ ఇచ్చాను. ఎందుకో అప్పుడు కూడా అటు తిరిగి నిలబడ్డాను. ఆమే నా భుజం తట్టింది. "సూడు బిడ్డా, మంచిగ సూడు. ఇది సూసెటందుకే గదా."

దాన్ని పట్టుకెళ్లి పుల్లయ్యకు ఇచ్చాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. తప్పు నాది, నీ తల్లిని అడ్డం పెట్టుకుని గెలవాలనుకున్నాను అన్నాను. అతను చీటీని అటూ ఇటూ తిప్పి, నా చేతిలోనే పెట్టాడు. కోపంగా లేడు, ఏడ్చి ఏడ్చి ఉన్నట్టున్నాడు.

"ఇది నాకు భయపడి వేసింది మేడం. అది నాకు తెల్వదనుకొని వేసింది. ఏది నిజమో నువ్వే చెప్పు, సదువుకున్నదానివి."

ఇకమీదట ఆమె ఎన్నిసార్లు ఎటు వేసినా అతను నమ్మడు. నమ్మే దారి నేను తీసేశాను.

నిన్న ఆమె ఊరికి, చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. బస్సు దాకా వెళ్లాను. ఊరుకోలేక, "ఉప ఎన్నికల్లో మీ ఊళ్లో నీకు ఓటుంది కదా, అప్పటికి పుల్లయ్య మనసు..." అని మొదలుపెట్టాను. చూశావా, కొంప మునిగినా నాకు ఎన్నికే మందు.

"ఇగ నేను ఓటెయ్య బిడ్డా" అంది. "మిషన్ల ఏసినా, డబ్బల ఏసినా, ఎవ్వలో ఒకలు సూడనే సూస్తరు. నువ్వే సూసినవంటే ఇగ సూడనోళ్లు ఎవ్వలుంటరు?" తిట్టినట్టు కూడా అనలేదు. మెర్సీ మచ్చకు పసుపు రాయమని చెప్పి బస్సెక్కింది.

ఇంటికొచ్చి చీటీలన్నీ కాల్చేశాను. ఇదీ నీ ప్రశ్నకు జవాబు, కాల్చాల్సింది మాత్రం రెండు నెలల కిందట.

నా చిన్నప్పుడు నువ్వు పోలింగ్ డ్యూటీకి వెళ్లిన ఊళ్లో, ఫలానా వీధివాళ్ల ఓట్లు ఎటు పడ్డాయో తర్వాత సరిచూసుకోవాలి, ఏ నంబరు బ్యాలెట్ ఎవరికిచ్చావో రాసిన కౌంటర్‌ఫాయిల్ పుస్తకం ఇవ్వు టీచరమ్మా అని ఊరి పెద్ద వస్తే, ఆ పుస్తకాన్ని కింద వేసుకుని దాని మీద కూర్చున్నావు. ఓటు పెట్టెల లారీ వచ్చేదాకా మంచినీళ్లకు కూడా లేవలేదు. ఆ కథ చెప్పే నేను ఈ పరిశోధనలో సీటు సంపాదించాను. "పుస్తకం మీద నుంచి లేవని మా అమ్మకు" అని థీసిస్ మొదటి పేజీలో టైపు చేయించి పెట్టుకున్నాను. నిన్న ఆ పేజీ తీసేశాను. మిగిలిన పేజీలు ఏం చెయ్యాలో తెలియడం లేదు. గైడు గారు మాత్రం రెండు వందల పదిహేడు గురించిన పేరా చాలా బాగుందని మెచ్చుకున్నారు.

నన్ను ఓదారుస్తూ రాయకు. దేవుడు క్షమిస్తాడని కూడా రాయకు, ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. ఇదంతా నీకు చెబితే బరువు తగ్గుతుందనుకున్నాను. ఇప్పుడు మొదటి నుంచి చదువుకుంటే అర్థమైంది. కొమురమ్మ ఎటు వేసిందో ఎవరికీ చెప్పనని మాటిచ్చినదాన్ని, పుల్లయ్యకు చెప్పాను, ఇప్పుడు పేరుతో సహా నీకూ రాశాను. ఈ ఉత్తరం జోయెల్ కంట కూడా పడనివ్వకు అమ్మా. చదవగానే కాల్చెయ్యి.

ఇట్లు,
నీ కూతురు
షారోన్