బట్టీ మీద ఆరిన అచ్చులు

పెదనాన్నా,

వరస లేకపోయినా మిమ్మల్ని అలాగే పిలుస్తూ వచ్చాను, ఇప్పుడూ అలాగే రాస్తున్నాను. అచ్చు ముక్కలు ఒకదానికొకటి అతుక్కోకుండా ఏడుసార్లు సబ్బు రాయిస్తారని అందరూ మిమ్మల్ని సబ్బు మేస్త్రి అంటుంటే నేనూ నవ్వేదాన్ని. మూడు వారాలుగా నాకు నవ్వు రావడం లేదు.

పింగాణీ టీ కెటిళ్ల అచ్చులు పాడైంది మీ వల్ల కాదు. నా వల్ల.

మీరు ప్లాస్టర్ తూచి, నీళ్లు కొలిచి, ఒక్క బుడగ లేకుండా పోశారు. నా కళ్లతో చూశాను. "నీడలో పది రోజులు ఆరనివ్వమ్మా, తొందరపడకు" అని మరీ చెప్పారు. ఎండబెట్టే గది తాళం చెవి అత్తయ్య నా చేతిలో పెట్టడం అదే మొదటిసారి. నాకు కళ్లు నెత్తికెక్కాయి. ముందే సిద్ధం చేసి ఆవిడచేత శభాష్ అనిపించుకోవాలని, కాలుతున్న బట్టీ కప్పు మీద రెండు రోజులు పేర్చాను. తెల్లగా, తేలిగ్గా ఆరాయి. ఎంత మురిసిపోయానో! తీరా వాటిలో పల్చటి మట్టి పోసి, లోపలి గోడలకు పట్టినంత పట్టాక మిగిలింది వంపేసి, అచ్చు విప్పబోతే అంచులు ఊడి చేతిలోకి వచ్చాయి. కెటిళ్లన్నీ వంకరపోయాయి.

"నీళ్లెక్కువ పోశావు మేస్త్రీ. వయసు మీద పడి నీ చెయ్యి పోయింది. ఇంక ఇంట్లో కూర్చో" అన్నారు అత్తయ్య, అందరి ముందూ. మీరు మాట్లాడలేదు. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి వెళ్లిపోయారు. నేను విరిగిన అచ్చు పట్టుకుని, నోట్లో ప్లాస్టర్ పోసినట్టు నిలబడ్డాను.

మా ఆయనకి చెబితే, "ఊరుకో. ఇప్పుడు నోరు విప్పావంటే అమ్మ నిన్ను కార్ఖానా గడప తొక్కనివ్వదు" అన్నారు. నిజమే. నాకీ పనంటే ప్రాణం. కానీ సోమవారం కొత్త మేస్త్రి చేరుతున్నాడు. అతను చేరితే మీకిక చోటుండదు. క్షమించానని ఒక్క ముక్క రాయండి. నాకు నిజం చెప్పే ధైర్యం వస్తుంది.

మీ ముందు తలెత్తలేని
శిష్యురాలు

---

అమ్మాయీ,

నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. నీళ్లెక్కువైన అచ్చు మెత్తగా ఉంటుంది, గోరు దిగుతుంది. మాడిన అచ్చు పిండిలా రాలుతుంది. ఆ రోజు అంచుని వేళ్ల మధ్య నలపగానే తెలిసిపోయింది.

మరెందుకు మాట్లాడలేదంటావా? నువ్వు మాట్లాడతావని. ఏప్రన్ ముడి విప్పడానికి ఎంతసేపు పట్టిందో చూశావుగా, కావాలనే ఆలస్యం చేశాను. గేటు దాటేదాకా, నువ్వు పరిగెత్తుకుంటూ వస్తావేమోనని చెవులు రిక్కించుకుని నడిచాను. తప్పులు ఎవరైనా చేస్తారు, నేను పాడుచేసిన అచ్చులతో ఒక గోడ కట్టొచ్చు. కానీ ఆ నడక మర్చిపోలేకపోతున్నాను. మా ఇంట్లో ఆవిడకి కూడా నా చెయ్యి పోయిందనే చెప్పుకున్నాను.

క్షమించానని రాయను. రాస్తే నీ మనసు తేలికపడుతుంది, నోరు మళ్లీ మూతపడుతుంది. ఈ ఉత్తరం నాకు రాయాల్సింది కాదు. తిప్పి పంపుతున్నాను.

మేస్త్రి

---

మేస్త్రిగారికి,

మీరు తిప్పి పంపిన ఉత్తరాన్ని నా కోడలు ఇవాళ పనివాళ్లందరి ముందూ చదివింది. మొగుడన్న మాటతో సహా ఒక్క ముక్క మింగలేదు. మావాడు నేల చూపులు చూశాడు. చదవడం అయ్యాక తాళం చెవి నా ముందు పెట్టి నిలబడింది. కడిగి పారేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆ రోజు మిమ్మల్నన్న మాట గుర్తొచ్చింది. ఆ పిల్ల మూడు వారాలు నోరు విప్పలేకపోయింది. నేను ఒక్క నిమిషం మూసుకోలేకపోయాను. ఏం జరిగిందని మిమ్మల్ని అడగనైనా అడగలేదు. పాతికేళ్లుగా మీ అచ్చుల మీద బతికినదాన్ని, మిమ్మల్ని 'నువ్వు' అని అన్నాను.

కొత్త మేస్త్రిని రావద్దని కబురు పంపాను. సోమవారం పొద్దున అందరినీ గేటు దగ్గర నిలబెడతాను. అన్న మాట వాళ్ల ముందే వెనక్కి తీసుకుంటాను. మీరు రాకపోతే మీ ఇంటికే వచ్చి, మీ ఆవిడ ముందు తీసుకుంటాను. తాళం చెవి ఇంకా బల్ల మీదే ఉంది, నేను ముట్టుకోలేదు. ఆ పిల్లకి మళ్లీ ఇవ్వాలో వద్దో మీరే చెప్పాలి.

యజమానురాలినని సంతకం పెట్టడానికి మొహం చెల్లడం లేదు. పేరు లేకుండానే పంపుతున్నాను.